తెలుగు శ్రామిక చరిత్ర – దేశాంతర దృష్టి

కర్ణాటక రాష్ట్రమున బీదరు జిల్లాలోని ధన్నూర, చరిత్ర గ్రంథముల విషయసూచికలలో సులభముగ దొరకు పేరు కాదు. అయినను శ్రామిక చరిత్రను దేశదేశములకు సమన్వయించి వ్రాయుట ఎట్లు అను ప్రశ్నకు అట్టి గ్రామమే మంచి ఒరగల్లు. 1948 సెప్టెంబరు వరకు బీదరు సీమ నిజాము ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానమునకు చెందినది. 1956 నవంబరు 1వ తేదీన భాషారాష్ట్రము లేర్పడినపుడు ఆ జిల్లా మూడు ముక్కలైనది. అహమ్మదుపూరు, నీలంగ, ఉద్గీరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకును, నారాయణఖేడు, జహీరాబాదు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకును పోయినవి. మిగిలిన భాగము మైసూరు రాష్ట్రమున చేరినది. 1973లో ఆ రాష్ట్రమే కర్ణాటకమైనది. నిన్నటి వరకు పొరుగు తాలూకాకు కోతలకు పోయిన కూలివాడు ఒక్క ఉదయమున పరరాష్ట్రమునకు పోవువాడైనాడు. అతని దారి మారలేదు, పని మారలేదు. ఎల్ల మాత్రము మారినది.

ఇట్టి కూలివాని జీవితము ఏ చరిత్ర గ్రంథమున చేరవలయును? కన్నడ దేశ చరిత్రయందా, మహారాష్ట్ర చరిత్రయందా, తెలంగాణ చరిత్రయందా? ఏ గ్రంథమున చేర్చినను అతని జీవితమున ఒక తునక మాత్రమే అందు మిగులును. తెలుగు కూలీల చరిత్ర యంతయు ఈ విధముననే తునుకలుగ నున్నది. ఆ తునుకలను కూర్చుటకు రెండు విద్యాసంప్రదాయములు ఇదివరకే పనిచేసినవి. ఒకటి స్వదేశమున పుట్టిన సాంఘిక చరిత్ర రచన. రెండవది అంతర్జాతీయ శ్రామిక చరిత్ర పరిశోధన. మొదటిది తెలుగును చదువ నేర్చినది గాని సముద్రము దాటలేదు. రెండవది సముద్రములు దాటినది గాని తెలుగును చదువలేదు. ఈ రెంటి గుణదోషములను విచారించుట ఈ వ్యాసమునకు విషయము.

1. స్వదేశ సాంఘిక చరిత్ర

తెలుగున సాంఘిక చరిత్ర యనిన వెంటనే స్ఫురించునది సురవరము ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. 1949లో వెలువడిన ఈ గ్రంథమునకు 1955లో, రచయిత మరణించిన రెండేండ్లకు, కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. తెలుగున ఆ బహుమతి నందిన మొదటి గ్రంథ మిదియే. రాజుల వంశావళులను, యుద్ధములను ప్రక్కకు నెట్టి, జనుల తిండి, బట్ట, ఆట, నమ్మకము, వృత్తి, వర్తకము – ఇవియే చరిత్రకు ముఖ్యవస్తువులని ఆ గ్రంథము నిరూపించినది. అందులకు ఆయన యెన్నుకొనిన సాధనములు మరింత విశేషమైనవి. కావ్యములు, శతకములు, చాటువులు, సామెతలు, నిఘంటువుల కెక్కని మాటలు – ఇవన్నియు ఆయన చేతిలో సాక్ష్యములైనవి. పండితులు అర్థము తెలియక దాటిపోయిన దేశ్యపదమున ఒక వృత్తి చరిత్ర దాగియుండునని ఆయన చూపెను.

ఈ పద్ధతి గొప్పది. దీని పరిమితియు ఈ పద్ధతి నుండియే పుట్టినది. కావ్యము చూచినదే చరిత్రకారుడు చూడగలడు. కవి కూలివానిని చూచినపుడు తఱచుగ పొలమునందో, సంతయందో, దొర వాకిటనో చూచును. ఓడ యెక్కి పోయిన కూలివాడు కవి దృష్టి నుండి తప్పిపోవును. గ్రంథమునకు తెలుగుదేశమే చట్రమగుటచే, ఆ చట్రమును విడిచి పోయినవాని కథ వేరొకరు వ్రాయవలసినదిగా మిగిలినది. ఇది ప్రతాపరెడ్డిగారి లోపమని చెప్పుట న్యాయము కాదు. వారు తలపెట్టిన పని వేరు. అయితే వారి తరువాత వచ్చినవారు ఆ పద్ధతిని రేవుల వరకు, ఓడల వరకు, తోటల వరకు కొనిపోవలసి యుండెను. ఆ పని కొలదిగనే జరిగినది.

2. సముద్రాంతర పరిశోధన

అంతర్జాతీయ పరిశోధనకు ముఖ్యపీఠము ఆమ్‌స్టర్‌డామ్ నగరములోని అంతర్జాతీయ సాంఘిక చరిత్ర సంస్థ. 1935లో ఆర్థిక చరిత్రకారుడు పోస్తుమస్ దీనిని స్థాపించెను. ఐరోపాలో నియంతల పాలన ప్రబలుచున్న ఆ దినములలో కార్మికోద్యమముల కాగితములు కాలిపోకుండ కాపాడుట దాని తొలి కర్తవ్యము. మార్క్సు, ఏంగెల్సుల వ్రాతప్రతులును అచ్చటికే చేరినవి. 1963లో ఇంగ్లండున థాంప్సన్ వ్రాసిన ఆంగ్ల కార్మికవర్గ చరిత్ర, కార్మికుడు పరిస్థితుల చేతిలో బొమ్మ కాడనియు, తన వర్గమును తాను నిర్మించుకొనిన కర్త యనియు చెప్పి క్రొత్త దారి చూపినది. 2008లో వాన్ డెర్ లిండెన్ ప్రకటించిన ‘ప్రపంచ శ్రామికులు’ అను గ్రంథము ఆ దారిని ఐరోపా వెలుపలికి త్రిప్పినది. స్వేచ్ఛగా కూలి చేయువాడే శ్రామికుడు, బానిసయు ఒడంబడిక కూలియు వేరు జాతి యను విభజన చెల్లదని ఆయన వాదము. ఒక దేశపు టెల్లను చరిత్రకు సహజమైన యెల్లగా భావించుటయు పొరపాటని ఆయన నిర్ణయము.

ఈ వాదమునకు తెలుగు కూలీల చరిత్రకంటె మంచి నిదర్శనము దొరకుట కష్టము. బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వమును రద్దుచేసిన శాసనము 1834 ఆగస్టు 1న అమలునకు వచ్చినది. అదే సంవత్సరము నవంబరు 2న ‘అట్లాస్’ అను ఓడ భారతీయ కూలీలతో మారిషసు చేరినది. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ‘ట్రూరో’ అను ఓడ నేటాలులోని డర్బను రేవు చేరినది. 1911 వరకు నేటాలునకు పోయినవారు 1,52,184 మంది. అందు సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు మార్గమున పోయినవారే. ఫిజీకి 1879 మొదలు 1916 వరకు 60 వేలకు పైగా పోయిరి. మలయా రబ్బరు తోటలకును, కొబ్బరి తోటలకును కంగాణీలు కూలీలను కొనిపోయిరి. బర్మాకు పోయినవారి సంఖ్య వీటన్నిటికంటె అధికము.

ఈ వలసలపై 1974లో హ్యూ టింకర్ వ్రాసిన గ్రంథము మైలురాయి వంటిది. ఒడంబడిక కూలి విధానము క్రొత్త దాస్యమే యని దాని శీర్షికయే చెప్పుచున్నది. ఆ మాట 1840లో బ్రిటిషు వలసరాజ్య మంత్రి జాన్ రస్సెల్ వాడినది. లండను దస్తరములను తరచి టింకర్ చూపిన క్రౌర్యము కాదనలేనిది. కాని ఆ గ్రంథమున కూలివాడు బాధితుడుగ కనిపించినంతగ మనిషిగ కనిపించడు. అతడు ఏ యూరివాడు, ఎందులకు బయలుదేరెను, వెంట ఎవరు వచ్చిరి అను ప్రశ్నలకు అధికారుల ఉత్తరప్రత్యుత్తరములు సమాధానము చెప్పజాలవు.

ఆ సమాధానమును వెదకినవాడు ఫిజీలో గిర్మిటు కూలి మనుమడుగ పుట్టిన బ్రిజ్ లాల్. 1983లో వెలువడిన ‘గిర్మిటియాలు’ అను గ్రంథమున ఆయన 45,439 వలస పాసులను పరిశీలించెను. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఎత్తు, దేహముపై గుర్తులు – ఒక్కొక్క పాసునందును ఇన్ని వివరము లుండెను. వానిని లెక్కగట్టి, వలస పోయినవారిలో పెక్కురు అంతకు మునుపే పనికై ఊరు విడిచి తిరిగినవారని ఆయన చూపెను. మోసపోయిన అమాయకుడు అను చిత్రము మాసి, బ్రదుకు వెదకుకొనుచు పోయిన మనిషి చిత్రము తేటపడినది.

అయితే ఆ 45,439 పాసులును కలకత్తా రేవు నుండి పోయిన ఉత్తర భారతీయులవి. 1903 నుండి మద్రాసు రేవున ఫిజీకి కూలీల చేర్పు మొదలైనది. ఆ దారిని పోయిన 15 వేలకు పైబడిన దక్షిణాది వారు ఆ లెక్కలో చేరలేదు. తెలుగువారు ఆ విడువబడిన భాగమున నున్నవారు. శ్రేష్ఠమైన గ్రంథముననే ఇట్టి వెలితి యున్నపుడు సామాన్య గ్రంథముల సంగతి చెప్పనక్కర లేదు. విదేశముల దస్తరములలో తెలుగువాడు ఒకచోట ‘మద్రాసీ’, ఒకచోట ‘క్లింగు’, ఒకచోట ‘కోరంగి’. మద్రాసీ యనునది ఎక్కిన రేవు పేరు. క్లింగు కళింగ శబ్దభవము. కోరంగి గోదావరీ ముఖమున 1839 తుపానుకు దెబ్బతిన్న రేవు పేరు. మూడు పేర్లును స్థలనామములే. మాటలాడు భాష యేదో ఆ పేర్లు చెప్పవు. భాష తెలియని చరిత్రకారుడు ఈ పేర్లను ఉన్నవి ఉన్నట్లు గ్రహించినచో తెలుగు కూలి లెక్కకు అందడు.

3. బర్మా: పెద్ద వలస, చిన్న దస్తరము

బర్మా చరిత్ర ఈ విషయమున ఒక విచిత్రమును బయలుపరచుచున్నది. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా భారతదేశమున ఒక రాష్ట్రము. కావున కాకినాడలోనో, విశాఖపట్టణములోనో ఓడ యెక్కి రంగూనుకు పోవుట చట్టము దృష్టిలో విదేశవలస కాదు. గిర్మిటు లేదు, మనిషి మనిషికి పాసు లేదు. రేవున తలలను లెక్కించిరి గాని పేర్లను వ్రాసికొనలేదు. కొద్దిమంది పోయిన ఫిజీకి ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క కాగిత మున్నది. లక్షలు పోయిన బర్మాకు అట్టిది లేదు. దస్తరము దళముగ నున్నచోటనే చరిత్రకారుడు కూర్చుండును. దానిచే అల్పసంఖ్యాకమైన వలసకు గ్రంథములు పెరిగినవి. అధికసంఖ్యాకమైన వలస వాటి నీడలో నిలిచినది.

1931 జనాభా లెక్కలలో రంగూను నగర జనమున సగమునకు పైగా భారతీయులు. రేవు కూలీలలో తెలుగువారే ముఖ్యులు. ఆండ్రూ 1933లో రంగూను భారతీయ కూలీలపై వ్రాసిన గ్రంథమును, 1941 నాటి బాక్‌స్టర్ నివేదికయు మేస్త్రీ పద్ధతిని వివరించినవి. మేస్త్రీ గ్రామమునకు వచ్చి కుటుంబమునకు ముందుగ కొంత సొమ్మిచ్చును. ఓడ ఖర్చు పెట్టుకొనును. ఆ బాకీ తీరువరకు కూలివాడు అతని గుంపును విడువరాదు. కంపెనీ యిచ్చిన కూలి పెద్ద మేస్త్రీ, చిన్న మేస్త్రీ, గుంపు పెద్ద – ఇన్ని చేతులు మారి, చేతికొక పాలు తరిగి, మోసినవానికి చేరును.

1930 మే నెలలో రంగూను రేవు కూలీలు కూలి హెచ్చింపవలెనని సమ్మె చేసిరి. యజమానులు వారి స్థానమున బర్మీయులను పెట్టుకొనిరి. సమ్మె పరిష్కారమై పాతవారు తిరిగి పనికి రాగానే బర్మీయుల పని పోయినది. మే 26న మొదలైన కొట్లాటలలో అధికారుల లెక్క ప్రకారమే వందకు పైగా ప్రాణములు పోయినవి. చచ్చినవారిలో పెక్కురు తెలుగు కూలీలు. ఈ ఘట్టమును తెలుగువారి కష్టగాథగ మాత్రమే వ్రాయుట సులభము. అట్లు వ్రాసినచో అది సగము చరిత్ర. ధాన్యము ధర పడిపోయి భూమి చేజారిన బర్మా రైతు కొడుకు పని కొరకు రంగూను రేవునకు వచ్చియుండెను. సమ్మెను భగ్నము చేయుటకు అతనిని పిలిచినవారును, అవసరము తీరగానే పంపివేసినవారును యజమానులే. ఇద్దరు పేదలు కొట్టుకొనిన చోట మూడవవాని లాభము కనిపించవలెనన్న రెండు ప్రక్కల సాక్ష్యమును కావలయును. దేశాంతర దృష్టి యనగా తనవారు పోయిన దేశములను లెక్కించుట కాదు. అచ్చటివారి కన్నులతో తనవారిని చూడ సాహసించుట.

1942లో జపాను దండయాత్రతో లక్షలాది భారతీయులు బర్మాను విడిచి అడవిదారుల నడిచి వచ్చిరి. దారిలో పోయినవారి పేర్ల పట్టికయు సమగ్రముగ లేదు. ఈ వలసను తెలుగు వైపు నుండి చూచి వ్రాసిన పరిశోధకులలో ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యులుగ పనిచేసిన అడపా సత్యనారాయణగారు ముఖ్యులు. ఆగ్నేయాసియాకు పోయిన దక్షిణ భారత శ్రామికులపై వారి పత్రము 2001లో ఆమ్‌స్టర్‌డామ్ సంస్థ పక్షముననే వెలువడినది. హైదరాబాదున సాగిన విచారణ ఆమ్‌స్టర్‌డామున అచ్చగుట, రెండు సంప్రదాయములు కలియుటకు శుభారంభము. ఆ సాధనములు తెలుగు పాఠకునికి తెలుగున అందుట ఇంకను మిగిలియున్న పని.

4. ముందప్పు అను కొలబద్ద

సముద్ర మెక్కడ, ధన్నూర ఎక్కడ యను ప్రశ్న ఇచ్చట పుట్టవచ్చును. సముద్రమే దేశాంతర చరిత్రకు లక్షణమైనచో బీదరు సీమకు అందు చోటు లేదు. కాని రంగూను మేస్త్రీ చేతిలోని పగ్గము ఓడ కాదు. ముందుగ ఇచ్చిన అప్పు. ఆ పగ్గము దక్కను పీఠభూమి నడుమను ఉన్నది. హైదరాబాదు సంస్థానమున అప్పు తీరువరకు ఋణదాత యింట పని చేయువానికి ‘భగేలా’ యని పేరు. అధికారులకును, దొరలకును కూలి లేక చేయు పని వెట్టి. మరాఠ్వాడా చెఱకు కోత కూలీలకు ముకద్దము ముందుగ ఇచ్చు సొమ్మునకు ‘ఉచల్’ అని పేరు. అచ్చట భార్యాభర్తలను కలిపి ఒక జతగా లెక్కింతురు. పాలమూరు కూలీలను ఆనకట్టల పనులకు గుంపులుగ కొనిపోయినవానికి మరల మేస్త్రీ యనియే పేరు.

పోలిక యున్నదని అన్నిటిని ఒక్కటే యనుట విమర్శ కాదు. ఫిజీ గిర్మిటునకు అయిదేండ్ల గడువు. పని తప్పిన నేరముగ పరిగణించి శిక్షించు చట్టము. మలయా కంగాణీ కూలి నెల నోటీసుతో పని మానవచ్చునని చట్టము. అప్పును, దూరమును మానరాదని శాసించినవి. రంగూను మేస్త్రీ బంధమునకు గడువు లేదు, కాగితమును తఱచుగ లేదు. భగేలా బంధము తండ్రి నుండి కొడుకునకును దిగవచ్చును. ఒకచోట చట్టము కట్టివేసినది, ఒకచోట ఆచారము, ఒకచోట ఆకలి. ఈ భేదములను పాటించుచు పోలికను నిలుపుటయే తులనాత్మక చరిత్ర రచనకు పరీక్ష. టింకర్ వాడిన దాస్య మను ఒక్క మాట ఇన్ని భేదములను మోయజాలదు. స్వేచ్ఛ యను మాట అసలే మోయజాలదు.

ప్రపంచ శాసనమును గ్రామ శాసనమును ఇచ్చటనే కలియును. 1930లో అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్బంధ శ్రమ నిషేధ ఒడంబడికను చేసినది. శిక్షాభయముచే, ఇష్టము లేక చేయించు పని నిర్బంధ శ్రమ యని దాని నిర్వచనము. భారతదేశము దానిని 1954లో అంగీకరించినది. అంతకు ముందే 1950 నాటి రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో వచ్చినది. 1982లో సుప్రీము కోర్టు కనీస వేతనమునకు తక్కువ ఇచ్చి చేయించు పనియు నిర్బంధ శ్రమయే యనియు, ఆకలి బలవంతమును బలవంతమే యనియు తీర్పు చెప్పినది. చరిత్రకారులు తడవులాడిన భేదమును న్యాయస్థానము ఒక్క వాక్యమున తేల్చినది. శ్రామిక చరిత్ర కేవల పండిత విలాసము కాదనుటకు ఇదియే తార్కాణము. నిన్నటి బంధమునకు ఏ పేరు పెట్టుదుమో, నేటి బంధము నుండి విడుదల అడుగుటకు ఆ పేరే ఆధారము.

ధన్నూర వంటి గ్రామపు చరిత్రను వ్రాయబూనినవాని కష్టము ఫిజీ చరిత్రకారుని కష్టముకంటె తక్కువ కాదు. సంస్థాన ప్రభుత్వ కాగితములు ఉర్దూలో నున్నవి. వానిలో పెక్కు హైదరాబాదున తార్నాకలోని రికార్డు ఆఫీసునకు చేరినవి. 1956 తరువాతి కాగితములు కన్నడమున బీదరు, బెంగుళూరులలో నున్నవి. పొరుగు తాలూకాల కాగితములు మరాఠీలో వేరొక రాష్ట్రమున నున్నవి. కన్నడము, మరాఠీ, తెలుగు, దక్కనీ కలిసిన సీమలో కూలివాని మాట వేరు, కాగితపు భాష వేరు. దేశములు దాటకయే దేశాంతర పరిశోధనకు వలయు శ్రమ యంతయు ఇచ్చట అవసరమగును.

5. కర్తవ్యము

రెండు సంప్రదాయముల బలమును కలుపుటయే మార్గము. ప్రతాపరెడ్డిగారు కావ్యమునందలి దేశ్యపదమును సాక్షిగ నిలిపినట్లు, వలస కూలీల నోటి మాటను సాక్షిగ నిలుపవలయును. బ్రిజ్ లాల్ వలస పాసులను లెక్కించినట్లు, మద్రాసు మార్గపు పాసులలో తెలుగు జిల్లాల వారిని వేరుపరచి లెక్కింపవలయును. మేస్త్రీ, కంగాణి, గిర్మిటు, భగేలా, వెట్టి, ముకద్దము, ఉచల్ – ఈ మాటలకు ఒక పదకోశము కావలయును. ఏ మాట ఏ రేవున, ఏ తోటలో, ఏ గ్రామమున ఏ యర్థమున చెల్లినదో తెలిసినచో చరిత్రలో సగము తెలిసినట్లే.

ఈ పనిలో తెలుగు సంఘములకు ప్రత్యేకమైన బాధ్యత కలదు. దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభ 1931లో డర్బనున ఏర్పడినది. ఫిజీలో దక్షిణ భారతీయుల ఉమ్మడి సంగము 1926లో పుట్టగా, తెలుగువారు 1941లో తమ భాష కొరకు ప్రత్యేకముగ ఆంధ్ర సంగమును స్థాపించుకొనిరి. తోటలో సంఖ్యగ బ్రదికినవారి బిడ్డలు మొదట కోరినది తమ భాషకు ఒక బడి, ఒక సంఘము. అట్టి సంఘముల చందా పుస్తకములు, సభల తీర్మానములు, పెండ్లి పత్రికలు, ఇంటికి వ్రాసిన ఉత్తరములు, మనియార్డరు రసీదులు, భజన పుస్తకములు – ఇవి ఏ ప్రభుత్వ దస్తరమునను దొరకని సాధనములు. ఇవి అటకలపై నున్నవి. చెదలకు తొందర యెక్కువ. ముద్దు పేర్లతో సహా పెద్దల జ్ఞాపకములను వ్రాసికొనుటకు మిగిలిన కాలము స్వల్పము.

సంచికలలో ప్రముఖుల ఛాయాచిత్రములు వేయుట ఆచారము. వాని సరసన ఒక ఓడ పట్టిక నుండి నలుబది పేర్లను, వారి గ్రామములతో సహా, తెలుగు లిపిలో సరిగ అచ్చువేసినను అది పరిశోధనయే యగును. విదేశపు గుమాస్తా చెవికి తోచినట్లు వ్రాసిన పేరును మరల పలుకదగిన తెలుగు పేరుగ చదువగలవారు తెలుగువారే. ఆమ్‌స్టర్‌డామ్ పండితుడు ఆ పనిని చేయలేడు; రంగూనులో మిగిలిన కాగితము చేయలేదు. ఎల్లలు దాటిన శ్రమకు ఎల్లలు దాటిన చరిత్ర కావలయునని ప్రపంచ పండితులు ఒప్పుకొనిరి. ఆ చరిత్రలో తెలుగు కూలి తన పేరుతో నిలుచునా, ఎక్కిన రేవు పేరుతో నిలుచునా అనునది తెలుగువారు తేల్చవలసిన విషయము. ధన్నూర నుండి పొరుగు రాష్ట్రమునకు కోతకు పోయినవానికిని, కాకినాడ నుండి రంగూనుకు పోయినవానికిని ఈ విషయమున న్యాయము ఒక్కటే.